ఊరేగింపు అయ్యాక వాద్యగాడు ఎక్కడికి వెళతాడు?

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో మాఘమాసపు పెళ్ళి ఊరేగింపు ఒకటి కూడలి దగ్గర ఆగిపోయినప్పుడు బ్యాండు మేళం ఏం చేస్తుందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెళ్ళికొడుకు కారు ముందు మేనమామలూ స్నేహితులూ చిందులు వేస్తుంటారు; వెనక జనరేటరు బండి గుడగుడలాడుతుంటుంది; లైట్లు నెత్తిన మోసేవాళ్ళు బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంటారు. క్లారినెట్ వాయించే మనిషి సినిమా పాట రెండో చరణం ముగించి పల్లవికి వచ్చేశాడు. తరువాతి పాట ఏదో మేళం నడిపే మాస్టారు ఇంకా సైగ చెయ్యలేదు, కారు కదలలేదు, సైడు డ్రమ్ము ఆగలేదు. వాయిద్యం నోట్లోంచి తీస్తే ఊరేగింపు చప్పబడుతుంది. చప్పబడితే రేపు డబ్బులిచ్చేటప్పుడు మాట వస్తుంది. అందుకని అతను పల్లవి చివరి ముక్కను పట్టుకుని సాగదీస్తాడు. ఒకసారి తారషడ్జం మీద నిలుస్తాడు, ఒకసారి కిందికి జారతాడు, మూడోసారి పాటలో లేని రెండు స్వరాలను చేర్చి తిప్పుతాడు. పక్కన ట్రంపెట్ పట్టుకున్నవాడు ఆ కొసను అందుకుని జవాబిస్తాడు. డ్రమ్ము వాయించే కుర్రాడు నడకను కాస్త విరిచి మళ్ళీ అతికిస్తాడు. రెండు నిమిషాలు గడిచేసరికి కారు కదులుతుంది, మాస్టారు చెయ్యి ఊపుతాడు, కొత్త పాట మొదలవుతుంది.

నూటపాతికేళ్ళ కిందట అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఇటువంటి రెండు నిమిషాలే ఇరవై నిమిషాలై, రాత్రంతా అయి, చివరికి జాజ్ అనే సంగీతంగా స్థిరపడ్డాయి. గంజాం జిల్లాలో అవే వాయిద్యాలు, ఇంచుమించు అవే కొలువులు, అప్పటికప్పుడు రాగం అల్లే మనోధర్మానికి ఏ లోటూ లేని సన్నాయి సంప్రదాయం ఉండి కూడా ఆ రెండు నిమిషాలు రెండు నిమిషాలుగానే మిగిలాయి. ఈ తేడాకు కారణం వాద్యగాళ్ళ ప్రతిభలో వెతికితే దొరకదు. వారికి పని ఎక్కడ దొరికింది, ఆ పని ముగిశాక మళ్ళీ వాయించడానికి ఇంకో చోటు ఉందా లేదా అని అడిగితే దొరుకుతుంది.

జాజ్ గురించి తెలుగులో రాసేటప్పుడు అది నల్లజాతి ప్రజల వేదనలోంచి పుట్టిన స్వేచ్ఛాగానం అని ఒక్క వాక్యంలో తేల్చెయ్యడం అలవాటైపోయింది. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే వేదన లోకంలో చాలా చోట్ల ఉంది, జాజ్ మాత్రం ఒక రేవు పట్టణంలోనే పుట్టింది. ఆ పట్టణంలో వాద్యగాడి దినచర్య ఎలా ఉండేదో చూస్తే వేదన గురించిన మాట ఎంతవరకు వెళుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

19వ శతాబ్దం చివరి నాటికి న్యూ ఆర్లియన్స్‌లో నల్లవారి పరస్పర సహాయ సంఘాలు చాలా ఉండేవి. సభ్యుడు నెలనెలా చందా కట్టేవాడు. జబ్బు చేస్తే సంఘం వైద్యం చూసేది, చనిపోతే బ్యాండుతో సాగనంపేది. శ్మశానం దాకా నెమ్మదైన భక్తిగీతాలు వాయించి, తిరుగు ప్రయాణంలో ఉత్సాహంగా, నాట్యానికి అనువుగా వాయించడం ఆచారం. ఊరేగింపు వెంట గొడుగులు తిప్పుతూ నడిచే జనాన్ని ‘రెండో వరుస’ అనేవారు. నిండు నూరేళ్ళు బతికిన పెద్దలు పోయినప్పుడు మేళంతో సాగనంపే ఇళ్ళు తెలుగునాటా ఉన్నాయి కనుక ఇక్కడి పాఠకుడికి ఈ ఆచారం వింతగా తోచనక్కర్లేదు.

చూడవలసింది ఊరేగింపు తరువాత జరిగేది. పగలు వీధిలో నడుస్తూ కార్నెట్ అనే ట్రంపెట్ వంటి చిన్న ఇత్తడి వాయిద్యం వాయించిన మనిషే రాత్రికి ఒక నాట్యశాలలో కుర్చీలో కూర్చుని వాయించేవాడు. బృందం ఐదారుగురికి తగ్గేది: కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్, గిటారో బాంజోనో, బాస్, డ్రమ్ములు. జనం రాత్రి చాలాసేపు ఆడాలి, బృందానికి వచ్చిన పాటలేమో కొన్నే. అందుచేత ఒకే పాటను పదిసార్లు వాయించక తప్పదు, పదిసార్లూ ఒకేలా వాయిస్తే వాయించేవాడికే విసుగు పుడుతుంది. క్లారినెట్ అసలు వరస చుట్టూ అల్లుకుంటూ పోవడం, ట్రాంబోన్ కింది నుంచి జారుతూ దాన్ని మొయ్యడం అనే పద్ధతి ఈ అవసరంలోంచి వచ్చింది. ఇంకొందరికి మిసిసిపి నది మీద తిరిగే విహార నౌకల్లో కొలువు దొరికేది. అక్కడ ఫేట్ మారబుల్ వంటి నాయకులు స్వరలిపి చదవడం రానివాళ్ళకు నేర్పించి మరీ పెట్టుకునేవారు. వీధి గొంతు బలాన్ని, నాట్యశాల కల్పనను, నౌక చదువును ఇచ్చాయి. మూడు చోట్లా తిరిగినవాడు ఒక్కడే కావడం న్యూ ఆర్లియన్స్ చేసుకున్న అదృష్టం.

ఆ అదృష్టం కడుపు నింపేంతటిది మాత్రం కాదు. తొలి తరంలో అందరికన్నా గట్టిగా కార్నెట్ వాయించేవాడని పేరు పడ్డ బడ్డీ బోల్డెన్ గోడలకు పూతపని చేసేవాడు. 1907లో మతి చెడి ఆసుపత్రిలో చేరి 1931లో అక్కడే చనిపోయాడు. అతను వాయించినది ఒక్క ముక్క కూడా రికార్డులో మిగల్లేదు. ఎందరికో క్లారినెట్ నేర్పిన టియో కుటుంబానిది చుట్టలు చుట్టే వృత్తి. 1901లో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో బొగ్గు బండి తోలాడు. కొత్త సంవత్సరపు రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు అతన్ని పంపిన బాలల గృహంలో బ్యాండు ఉండేది కాబట్టి కార్నెట్ చేతికి వచ్చింది. ఆ రోజుల్లో అతనిది పగలు కూలి, రాత్రి వాయిద్యం. 1922లో కార్నెట్ వాద్యగాడు కింగ్ ఆలివర్ అతన్ని చికాగోకు పిలిచాడు.

ఇక్కడ కాస్త ఆగి, జాజ్ వాద్యగాడు కల్పన చేసేటప్పుడు ఏం జరుగుతుందో తాళం తెలిసిన తెలుగువారి లెక్కలో చెప్పుకోవాలి. జాజ్ అంటే తోచినట్టు వాయించడమని అనుకునేవారే ఎక్కువ. నిజానికి అక్కడ లెక్క చాలా గట్టిది. బ్లూస్ అనే మూల చట్రంలో పన్నెండు గదులు, గదికి నాలుగు దెబ్బలు, మొత్తం 48. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో చెప్పుకుంటే సరిగ్గా ఆరు ఆవర్తనాలు. మొదటి నాలుగు గదులూ షడ్జం మీద కట్టిన స్వరాల గుత్తి, అంటే కార్డ్, మోగుతుంది. ఐదో గదిలో అది మధ్యమం మీదికి మారుతుంది, ఏడో గదిలో షడ్జానికి తిరిగి వస్తుంది, తొమ్మిదో గదిలో పంచమం మీదికి వెళుతుంది, పదకొండో గదికి మళ్ళీ ఇల్లు చేరుతుంది. ఈ 48 దెబ్బల చక్రం పియానో, బాస్‌ల చేతుల్లో తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఒక్కొక్కరు వంతులవారీగా అప్పటికప్పుడు కొత్త వరస కడతారు.

కచేరీలో కల్పనస్వరం వేసే విద్వాంసుడికి కూడా చక్రం ఉంటుంది, ఎత్తుగడ దగ్గరికి తిరిగి రావలసిన బాధ్యత ఉంటుంది. తేడా ఎక్కడంటే, అతని కింద రాగం కదలదు. మోహనం ఎత్తుకుంటే అరగంట తరువాత కూడా మోహనమే. జాజ్ వాద్యగాడి కాలికింద నేల నాలుగు దెబ్బలకో ఎనిమిది దెబ్బలకో మారిపోతుంటుంది. ఐదో గదిలో తీపిగా ఉన్న స్వరం ఏడో గదిలో పుల్లబడుతుంది. ఒకచోటనే లోతుకు దిగడం కర్ణాటక మనోధర్మం పద్ధతి అయితే, కదిలే పడవల మీద ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి అడుగు వేస్తూ తడబడకపోవడం జాజ్ పద్ధతి. 1950ల చివర్లో ట్రంపెట్ వాద్యగాడు మైల్స్ డేవిస్ వంటివారు ఈ పడవల సంఖ్యను బాగా తగ్గించి, ఒకే స్వరశ్రేణి మీద ఎక్కువసేపు నిలిచే శైలికి వచ్చారు. సాక్సోఫోన్ వాద్యగాడు జాన్ కోల్ట్రేన్ భారతీయ సంగీతం వైపు చూసినదీ ఆ దారిలోనే. 1965లో పుట్టిన కొడుక్కి సితార్ విద్వాంసుడు రవిశంకర్ మీది గౌరవంతో రవి అని పేరు పెట్టుకున్నాడు.

స్వింగ్ అనే నడక సంగతి ఇంకా దగ్గరిది. ఒక దెబ్బలో రెండు స్వరాలు పడవలసి వస్తే జాజ్ వాద్యగాడు వాటిని చెరిసగం చెయ్యడు. దెబ్బను మూడు పాళ్ళుగా ఊహించి రెండు పాళ్ళు మొదటిదానికి, ఒక పాలు రెండోదానికి ఇస్తాడు. దెబ్బను మూడుగా విరిచే తిశ్రగతి చేతిలో ఉన్న డోలు కళాకారుడికి ఇది కొత్త కాదు. వేగం పెరిగేకొద్దీ ఆ పాళ్ళు సమానానికి దగ్గరవుతాయి. ఎంతవరకు అన్నది కాగితం మీద రాయడం కష్టం, చెవితో పట్టుకోవలసిందే. అలాగే బ్లూస్‌లో గాంధారం తన రెండు స్థానాలైన సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో ఊగుతుంది. పియానో మెట్ల మధ్య ఆ చోటు లేదు, పెదవితో వాయించే వాయిద్యానికి ఉంది. తొలితరం న్యూ ఆర్లియన్స్ క్లారినెట్ వాద్యగాళ్ళు ఆల్బర్ట్ పద్ధతి అనే పాత తరహా వాయిద్యాన్ని చాలాకాలం వదలలేదు. దాని రంధ్రాలు పెద్దవి, మీటలు తక్కువ; వేలిని రంధ్రం మీంచి మెల్లగా జరిపితే స్వరం జారుతుంది. గమకం పలికించాలనుకునే మన క్లారినెట్ వాద్యగాడూ చేసేది ఆ పనే.

జాజ్ చరిత్రను శైలుల వరుసగా చెప్పే పుస్తకాలు తరచు ఒక విషయాన్ని పక్కన పెడతాయి. శైలి మారిన ప్రతిచోటా వాద్యగాడి పని పరిస్థితి కూడా మారింది. పది అంగుళాల 78 వేగపు రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూగా పట్టేది కాబట్టి, 1920ల రికార్డుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ కల్పన ఒక చక్రానికో రెండు చక్రాలకో కుదించుకుపోయి, అందుచేతనే అంత చిక్కగా ఉంది. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చాక అదే పని పావుగంట సాగింది. 1944లో అమెరికా ప్రభుత్వం నాట్యం, గానం ఉన్న వినోదశాలల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసి, ఆ ఏడే దాన్ని 20 శాతానికి తగ్గించింది. నాట్యం లేకుండా కేవలం వాయిద్యం వినిపించే చోట్లకు ఆ పన్ను లేదు. యజమానులు నాట్యవేదికలు మూసి బల్లలు వేశారు. పదిహేను మంది పెద్ద బృందాలు కూలిపోవడానికి యుద్ధం, ప్రయాణ ఖర్చులు, జనం అభిరుచి కూడా కారణాలే గాని, కూర్చుని వినే శ్రోత కోసం నలుగురైదుగురు వేగంగా, చిక్కుగా వాయించే బీబాప్ అనే శైలికి ఆ పన్ను తన వంతు నేల చదును చేసింది. వాళ్ళు పాత పాటల కార్డ్ చక్రాన్ని ఉంచుకుని, పైన కొత్త వరస కట్టి, కొత్త పేరు పెట్టేవారు. వరసకు రాయల్టీ ఉంది, కార్డ్‌ల వరుసకు లేదు. సంగీతకర్త గెర్ష్విన్ 1930లో కూర్చిన ‘ఐ గాట్ రిథమ్’ చక్రం మీద అలా పుట్టిన వరసలకు లెక్క లేదు.

పని పెట్టే చెయ్యి పని ఆపనూ గలదు. న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట వాయించాలంటే 1940 నుంచి 1967 దాకా పోలీసులిచ్చే అనుమతి కార్డు ఉండాలి. 1947లో గాయని బిల్లీ హాలిడే ఆ కార్డు పోగొట్టుకుంది. పియానో వాద్యగాడు థెలోనియస్ మంక్‌కు 1951లో రద్దయిన కార్డు 1957 దాకా తిరిగి రాలేదు; తన ఊళ్ళో, తన వయసు మంచి దశలో, ఆరేళ్ళు క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగే నల్లవారి బృందాలకు హోటళ్ళలో గదులు ఇచ్చేవారు కారు కనుక, బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ రైలు పెట్టెలు అద్దెకు తీసుకుని అందులోనే తన మనుషులకు పడక, భోజనం ఏర్పాటు చేశాడు. దాదాపు యాభై ఏళ్ళు బృందాన్ని చెదరనివ్వకుండా జీతాలు ఇవ్వడానికి తన పాటల మీద వచ్చే రాయల్టీని పోసేవాడు. అందరికీ ఆ ఆధారం ఉండదు.

ఈ సంగీతం భారతదేశానికి వచ్చింది కూడా కొలువు రూపంలోనే. 1935లో లియోన్ అబ్బే అనే నల్లజాతి వయొలిన్ వాద్యగాడు తన బృందంతో బొంబాయి తాజ్ మహల్ హోటల్‌కు వచ్చాడు. తరువాత వచ్చిన పియానో వాద్యగాడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ బొంబాయిలోనూ కలకత్తాలోనూ వాయించి, 1945లో కలకత్తాలో కలరాతో మరణించాడు. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నవారిలో గోవా వాద్యగాళ్ళు ముందున్నారు. పోర్చుగీసు పాలనలో అక్కడి చర్చి బడుల్లో పిల్లలకు స్వరలిపి, వయొలిన్ నేర్పడం వల్ల వారికి కాగితం చూసి వాయించడం అప్పటికే వచ్చు. చిక్ చాకొలేట్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ట్రంపెట్ వాద్యగాడు ఆ తరం వాడే. 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చి హోటళ్ళ రాత్రులు పలచబడ్డాక వీరికి సినిమా స్టూడియోలు పెద్ద ఆధారమయ్యాయి. 1951లో వచ్చిన హిందీ సినిమా ‘అల్బేలా’కు సి. రామచంద్ర సంగీతంలో చిక్ చాకొలేట్ చెయ్యి ఉంది. ఇలా హోటల్ నాట్యవేదిక మీది జాజ్ హిందీ పాట మధ్య వినిపించే ట్రంపెట్ మెరుపుగా, క్లారినెట్ విరుపుగా చిన్న చిన్న ముక్కలై దేశమంతా చెదిరింది.

గంజాంకు అందింది ఆ ముక్కలే. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే రైలు బరంపురం మీదుగానే పోతుంది గాని కలకత్తా పార్క్ వీధి జాజ్ ఇక్కడ దిగలేదు. దిగడానికి ఇక్కడ అటువంటి హోటలూ లేదు, నాట్యవేదికా లేదు. పెళ్ళి బ్యాండు క్లారినెట్ వాద్యగాడు రేడియోలో, సినిమాహాల్లో విన్న పాటను చెవితో పట్టుకున్నప్పుడు, చరణాల మధ్య వచ్చే ఆ నాలుగు మెరుపు స్వరాలను కూడా పట్టుకున్నాడు. వాటి పుట్టుక న్యూ ఆర్లియన్స్ అని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ రాత్రి బేరం మారేది కాదు.

ఇక్కడి బ్యాండు మేళం చరిత్ర సైనిక బ్యాండ్ల నుంచి, జమీందార్ల కొలువుల నుంచి మొదలవుతుంది. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడం వల్ల, బరంపురం, పర్లాకిమిడి వంటి ఊళ్ళలో తెలుగు సన్నాయి మేళం, సన్నాయి వంటి ఒరియా మహురి, ఢోల్, ఇంగ్లీషు ఇత్తడి వాయిద్యాలు ఒకే వీధిలో వినిపించేవి. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో పులివేషాల ముందు మోగే ఢోల్ నడకను విన్నవారికి, ఒక దరువును పట్టుకుని దాన్ని లోపలి నుంచి మార్చుకుంటూ పోయే విద్య ఇక్కడ ఎంత పదునుగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఇత్తడి వాయిద్యాలు ఎక్కువగా మీరట్ నుంచి వస్తాయి. రెండు భాషల ఊరు కాబట్టి మేళం నడిపే మాస్టారు రెండు పంచాంగాలు చూసుకోవాలి. తెలుగువారి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒరియావారి చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. ఒక ఇంట్లో మంచిరోజులు అయిపోయినా ఇంకో ఇంట్లో మిగిలి ఉండే అవకాశం ఉంది. గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం వచ్చినప్పుడు మాత్రం రెండిళ్ళూ మూతబడతాయి. ఆ నెలల్లో క్లారినెట్ పెట్టెలోకి, మనిషి సున్నాల పనికో ఆటోకో వెళతారు. బోల్డెన్ పూతపని గుర్తుకు వస్తే తప్పులేదు. 2020లో మార్చి 25న లాక్‌డౌన్ మొదలై వేసవి ముహూర్తాలన్నీ తుడిచిపెట్టుకుపోయినప్పుడు పంచాంగం ఏదైనా ఒకటే అయింది.

మరి ఈ నేల మీద ఆ రెండు నిమిషాలు ఎందుకు పెరగలేదు? మొదటి కారణం డబ్బిచ్చేవాడు దేనికి ఇస్తున్నాడన్నది. న్యూ ఆర్లియన్స్ నాట్యశాలలో జనం ఆడడానికి నడక కావాలి. పాట ఏదైనా ఫరవాలేదు, ఎంత మారినా ఫరవాలేదు. బరంపురం ఊరేగింపులో ఆడేవారికి ఈ నెలలో విడుదలైన పాటే కావాలి, విన్న మరుక్షణం ఇది ఫలానా పాట అని గుర్తుపట్టాలి. తెలుగు చుట్టాలు ఒకటి అడుగుతారు, ఒరియా స్నేహితులు ఒకటి, హిందీ పాట కావాలని ఇంకొకరు. మూడు భాషల్లో వందల పల్లవులు నోటికి ఉంచుకోవడం తక్కువ విద్య కాదు. అయితే ఆ విద్య జ్ఞాపకానికి పదును పెడుతుంది, కల్పనకు గంట కొట్టి సెలవిస్తుంది.

రెండో కారణం ఇంకొంచెం లోతైనది. వీధిలో అప్పటికప్పుడు రాగం అల్లడం దక్షిణాది ఊరేగింపుకు కొత్త విషయం కాదు. ఉత్సవ విగ్రహం ముందు నాదస్వర విద్వాంసులు వీధి మొగలో ఆగి గంటసేపు రాగాలాపన చేసిన రోజులున్నాయి. రాత్రంతా సాగే ఊరేగింపే ఆ విస్తారమైన ఆలాపనకు పాఠశాల. పెళ్ళి ఊరేగింపు సన్నాయి చేతిలోంచి బ్యాండు చేతిలోకి వచ్చినప్పుడు చప్పుడు పెరిగింది, పాటల సంఖ్య పెరిగింది, ఆగి ఆలాపించే హక్కు మాత్రం చేతులు మారలేదు. మనోధర్మం కచేరీ వేదిక ఎక్కి కూర్చుంది. అక్కడికి వెళ్ళాలంటే గురువు, వర్ణాలు, కృతులు, ఏళ్ళ శిక్షణ కావాలి, పెళ్ళి బ్యాండు మనిషికి ఆ మెట్లు చాలా ఎత్తు. పొరుగున విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల వెలసినా, దాని గుమ్మానికీ బ్యాండు మేళానికీ మధ్య రాకపోకలు పెద్దగా సాగలేదు. వీధికీ వేదికకూ మధ్య నాట్యశాల వంటి మూడో చోటు ఏదీ రాలేదు. పగలు వీధిలో అలిసినవాళ్ళు రాత్రి కూర్చుని ఒకరినొకరు వింటూ, ఒకరి మాటకు ఒకరు జవాబిస్తూ వాయించుకునే చోటు లేనప్పుడు, కూడలిలో దొరికిన రెండు నిమిషాల ఊహ ఆ కూడలిలోనే ఉండిపోతుంది.

వాయిద్యం తప్పు కాదని చెప్పడానికి కద్రి గోపాల్‌నాథ్ ఒక్కరు చాలు. 1846లో అడాల్ఫ్ సాక్స్ పారిస్‌లో పేటెంటు తీసుకున్న సాక్సోఫోన్, సైనిక బ్యాండు కోసం తయారైన వాయిద్యం. మంగళూరు ప్రాంతంలో నాదస్వర వాద్యగాడి ఇంట్లో పుట్టిన గోపాల్‌నాథ్ ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టి, గమకానికి లొంగేలా సవరించుకుని, కర్ణాటక కచేరీకి తెచ్చారు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో వాయించారు. 2008లో అమెరికాలోని జాజ్ సాక్సోఫోన్ వాద్యగాడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి రికార్డు చేశారు. ఆయనది వీధిలోంచి వేదిక మీదికి వెళ్ళిన దారి. అటువంటి దారి తొక్కగలిగినవారు తరానికి ఒకరిద్దరే ఉంటారు, న్యూ ఆర్లియన్స్‌లో లాగా పేటకు పదిమంది ఉండరు.

శరీరం మాట కూడా చెప్పుకోవాలి. గాలి వాయిద్యం వాయించేవాడి పెదవి కండరమే అతని ఆస్తి. ఆర్మ్‌స్ట్రాంగ్ పై స్థాయి స్వరాలను మితిమీరి వాయించి పెదవి చిట్లిపోయి 1930లలో కొంతకాలం వాయిద్యం పక్కన పెట్టవలసి వచ్చింది. ఊరేగింపు క్లారినెట్‌కు ఇంకో బాధ ఉంది. పక్కన డీజే బండి మోగుతుంటే తన స్వరం తనకే వినపడదు. వినపడనివాడు గట్టిగా ఊదుతాడు, గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుందో కిందికి పోతుందో కూడా తెలియదు. ఇక రీడు, అంటే క్లారినెట్ నోటి దగ్గర మోగే పలచని గడ ముక్క, సంగతి. మంచి రీడుకు వాడే గడ దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్కువగా పండుతుంది. ఒక సీజనుకు పెట్టెలు పెట్టెలు కొనే స్తోమత లేనివాడు ఉన్న రీడునే నాలుక మీద తడుపుతూ, కొస అరిగితే బ్లేడుతో గీకుతూ, చీలిక వచ్చేదాకా నెట్టుకొస్తాడు. పలచబడ్డ రీడు తేలిగ్గా మోగుతుంది, పై స్వరాల్లో కీచుమంటుంది. మేళం చివరి ముహూర్తాల నాటికి క్లారినెట్ గొంతు గరగరలాడడానికి కారణం చాలాసార్లు మనిషి అలసట కాదు, ఆ ముక్క అరుగుదల.

చట్టం ఒక విషయంలో ఈ వాద్యగాడి పక్షానే ఉంది. పెళ్ళి ఊరేగింపులో సినిమా పాట వాయించడం మనదేశపు కాపీరైటు చట్టం కింద ఉల్లంఘన కాదని అదే చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. బీబాప్ వాద్యగాళ్ళలాగా రాయల్టీ తప్పించుకోవడానికి కొత్త వరస కట్టవలసిన అవసరం ఇతనికి లేదు. బహుశా అదీ ఒక లోటేనేమో. ఇంకో నిబంధన అంత దయగా లేదు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరే కాదు, వాయిద్యం కూడా మోగించకూడదు. మూసిన హాలు లోపల అయితే ఆ అడ్డు లేదు. జాజ్ పెరిగినది అటువంటి హాళ్ళ లోపలే. ఇక్కడి పెళ్ళిమండపంలో కూడా హాలు ఉంది, వేదిక ఉంది, రాత్రంతా మేలుకుని ఉండే జనం ఉన్నారు.

అయితే మండపం గేటు దగ్గర బ్యాండు ఆగిపోతుంది. పెళ్ళికొడుకును దింపుకుని లోపలికి తీసుకుపోతారు. లోపల గట్టిమేళం సన్నాయి వాళ్ళది, విందు దగ్గర పాటలు స్పీకరువి. మాస్టారు మిగతా డబ్బు కోసం పెళ్ళివారిలో ఒకాయన్ని వెతుక్కుంటూ ఉంటాడు. క్లారినెట్ వాద్యగాడు రీడు విప్పి, జేబురుమాలుతో తుడిచి, చిన్న రేకు డబ్బాలో పెట్టుకుంటాడు. అప్పటికి తొమ్మిదిన్నర కూడా కాలేదు. పై గుండీ విప్పి, టోపీ చంకలో పెట్టుకుని, డ్రమ్ములు ఎక్కించిన మినీలారీలో ఒక పక్కగా కూర్చుంటాడు. లారీ ఇళ్ళవైపు తిరుగుతుంది.